నీలి ఆకుపచ్చ నాచు విషాలు, కాలేయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నిలవ నీటి మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కాలేయానికి సంబంధించినవాటిని ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తాను. నీలి ఆకుపచ్చ శైవలాల విషం కాలేయాన్ని దెబ్బతీస్తుందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నోటి ద్వారా ఒంట్లోకి వెళ్లిన విషం మిగిలిన అవయవాలను వదిలేసి కాలేయాన్నే ఎందుకు పట్టుకుంటుంది? అక్కడ అసలేం జరుగుతుంది? కొంచెం వివరంగా చెప్పగలరు.
– ఒక అధ్యాపకురాలు

జవాబు: మీరు అడిగినదే ఈ విషయానికంతటికీ మూలం కాబట్టి కాస్త నిదానంగానే చెబుతాను. ఈ జీవులు శాస్త్రీయంగా బాక్టీరియా కోవలోకి వస్తాయి; సయనోబాక్టీరియా అంటారు. వీటిలో మైక్రోసిస్టిస్, ప్లాంక్టోథ్రిక్స్, డోలికోస్పెర్మమ్ వంటి ప్రజాతులు తయారుచేసే మైక్రోసిస్టిన్లు కాలేయానికి హాని చేసే విషాల్లో ముఖ్యమైనవి. ఏడు అమైనో ఆమ్లాలు గొలుసులా కలిసి, రెండు కొసలూ ముడిపడి వలయంగా ఏర్పడిన అణువు ఇది. ఆ ఏడింటిలో రెండు స్థానాల్లోని అమైనో ఆమ్లాలు మారుతూ ఉండటం వల్లా, మరికొన్ని చిన్న మార్పుల వల్లా దీనికి రెండు వందలకు పైగా రూపాలు కనిపించాయి. వాటిలో ఎక్కువ పరిశోధన జరిగింది మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ మీద. సముద్రపు ఉప్పదనం కొంత కలిసిన నీటిలో పెరిగే నోడ్యులేరియా తయారుచేసే నోడ్యులరిన్ కూడా ఇదే కుటుంబానికి చెందినదే. దాని వలయంలో అమైనో ఆమ్లాలు ఐదే ఉంటాయి.

ఈ వలయం జీర్ణరసాలకు లొంగదు. అంతేకాక ఇది పెద్ద అణువు, నీటిలో కరిగే అణువు; కొవ్వుతో తయారైన కణపొరను తనంతట తాను దాటిపోలేదు. దాటాలంటే పొరలో ఉండే రవాణా ప్రోటీను ఏదైనా దాన్ని లోపలికి తీసుకోవాలి. కాలేయ కణాలకు ఆ ఏర్పాటు పుష్కలంగా ఉంది. పిత్త లవణాలనూ, కొన్ని మందులనూ, హార్మోన్లనూ రక్తం నుంచి తీసుకోవడానికి కాలేయ కణాల పొర మీద ఓఏటీపీ 1బి1, ఓఏటీపీ 1బి3 అనే ప్రోటీన్లు ఉంటాయి. మైక్రోసిస్టిన్‌ను కూడా ఇవే లోపలికి చేరవేస్తాయి. చర్మకణాలకూ కండరకణాలకూ ఇవి లేవు కనుక విషం వాటి పక్కనుంచే వెళ్లినా లోపలికి పోలేదు. పైగా పేగుల నుంచి రక్తాన్ని తెచ్చే ద్వారసిర నేరుగా కాలేయానికే వస్తుంది కాబట్టి, పేగు పీల్చుకున్న విషం మొట్టమొదట చేరేదీ అక్కడికే. శరీరానికి రక్షణగా నిలవవలసిన అవయవం తన రోజువారీ పని చేస్తూనే ఈ విషాన్ని పోగుచేసుకుంటుందన్నమాట. ప్రయోగశాలలో ఎలుకలకు క్షయ మందు రిఫాంపిసిన్‌ను ముందుగా ఇచ్చి ఈ రవాణాను అడ్డుకుంటే, ఆ తర్వాత ఇచ్చిన మైక్రోసిస్టిన్ వాటి కాలేయాన్ని చంపలేకపోయింది. విషం ఎంత ఉందన్నదానితోపాటు కణంలోకి దారి ఉందా లేదా అన్నదీ ఎంత ముఖ్యమో దీన్నిబట్టి మీ విద్యార్థులకు చూపించవచ్చు.

ఇక లోపల జరిగేది. కణంలోని ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించే ఎంజైములు కైనేజులు. దాన్ని తొలగించేవి ఫాస్ఫటేజులు. ఈ తగిలించడం, తొలగించడం మధ్య ఉండే సమతూకం మీదే కణం ఆకారం, విభజన, బతుకు ఆధారపడి ఉంటాయి. మైక్రోసిస్టిన్ సరిగ్గా ఈ ఫాస్ఫటేజుల్లో ప్రధానమైన పీపీ1, పీపీ2ఎ అనే రెండింటిని పట్టుకుంటుంది. ప్రకృతిలో ఈ కుటుంబపు విషాల్లో తప్ప మరెక్కడా పెద్దగా కనిపించని ఆడ్డా అనే పొడవాటి అమైనో ఆమ్లం ఎంజైములోని ఒక గాడిలోకి చొరబడి క్షణాల్లో దాని పనిని ఆపేస్తుంది. కొన్ని గంటల తర్వాత విషంలోని మరో అమైనో ఆమ్లం ఎంజైములోని సిస్టీన్‌తో శాశ్వత రసాయన బంధం ఏర్పరచుకుంటుంది. ఇక ఆ ఎంజైము తిరిగి పనికి రాదు. కణం కొత్తది తయారుచేసుకోవలసిందే. నోడ్యులరిన్ ఎంజైమును ఆపుతుంది గానీ ఈ రెండో బంధం ఏర్పరచదు.

ఫాస్ఫటేజులు ఆగిపోయినా కైనేజులు మాత్రం ఆగవు. ఫాస్ఫేట్లు తగులుతూనే ఉంటాయి, తీసేసేవాళ్లుండరు. దీని ప్రభావం ముందుగా కణం అస్థిపంజరం మీద కనిపిస్తుంది. కాలేయ కణానికి ఆకారాన్నిచ్చే కెరాటిన్ 8, కెరాటిన్ 18 పోగులు ఫాస్ఫేట్ల బరువుతో విడివడి కుప్పగా పోగుపడతాయి. గుంజలు పీకేసిన గుడారంలా కణం కుంచించుకుపోయి గుండ్రబడుతుంది. పక్క కణాలతో ఉన్న అతుకులు ఊడిపోతాయి. కాలేయంలో కణాలు వరుసలు వరుసలుగా నిలబడి, ఆ వరుసల మధ్య సైనుసాయిడ్లు అనే సన్నని రక్తమార్గాలకు గోడల్లాగా ఆసరా ఇస్తాయి. కణాలు విడిపోయేసరికి ఆ మార్గాలు తెగి రక్తం కాలేయం లోపలే చిమ్ముతుంది. ఎక్కువ మోతాదు ఎక్కించిన ఎలుకను కోసి చూస్తే కాలేయం నల్లబడి, ఉబ్బి, మామూలు బరువుకు దాదాపు రెట్టింపు అయి కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద వరుసల జాడే ఉండదు. ఎర్ర రక్తకణాల మడుగులో గుండ్రటి కాలేయ కణాలు విడివిడిగా తేలుతుంటాయి. ఆ ఎలుక కొద్ది గంటల్లోనే చనిపోతుంది. కాలేయం పని చేయకపోవడం వల్ల చనిపోయిందని అనుకుంటాం గానీ, అంత త్వరగా చంపేది రక్తమంతా కాలేయంలోకి చేరిపోయి ప్రసరణ కుప్పకూలడమే.

మోతాదు తక్కువైతే కథ నెమ్మదిగా నడుస్తుంది. మైటోకాండ్రియాలు దెబ్బతిని ఆక్సిజన్ రాడికల్స్ పెరుగుతాయి. కాలేయం తన రక్షక పదార్థమైన గ్లూటాథయోన్‌ను విషానికి తగిలించి బయటికి పంపే ప్రయత్నం చేస్తుంది; ఆ నిల్వలు తరిగిపోతే కణాలు వాటంతట అవే చనిపోయే క్రమం మొదలవుతుంది. ఒక్క మాట మాత్రం కలపాలి. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే, ఇంజెక్షన్ ద్వారా ఇచ్చినదానికి దాదాపు వంద రెట్లు ఎక్కువ మోతాదు అయితే గానీ ప్రాణాపాయం రాదు. పేగు గోడ మనకు చేసే మేలు తక్కువది కాదు. ఆ గోడను తప్పించి విషం నేరుగా రక్తంలోకి వెళితే ఏమవుతుందో మరో ఉత్తరానికి ఇచ్చిన జవాబులో చెబుతాను.

ప్రశ్న: మాకు నీరిచ్చే జలాశయం పచ్చగా మారింది. ఇంట్లో నీటిని బాగా మరిగించి, చల్లార్చి, వడగట్టి తాగుతున్నాం. ఇది చాలదా?
– ఒక గృహిణి

జవాబు: చాలదమ్మా. ఈ విషయంలో మాత్రం మరిగించడం వల్ల మేలు జరగదు. కలరా, టైఫాయిడ్ వంటి జబ్బులు తెచ్చే సూక్ష్మజీవులు మరిగిస్తే చస్తాయి. మైక్రోసిస్టిన్ జీవి కాదు, చాలా గట్టి రసాయనం. నీరు మరిగే వేడికి అది విరిగిపోదు. పైపెచ్చు మరిగించినప్పుడు నాచు కణాలు పగిలి లోపలున్న విషం నీటిలో కలుస్తుంది, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ విషం చిక్కబడుతుంది. గుడ్డతో వడగడితే నాచు కొంత ఆగుతుందేమో గానీ నీటిలో కరిగిన విషం ఆగదు.

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఇదే జరిగింది. ఈరీ సరస్సు నుంచి నీరు తీసుకునే ఆ నగరంలో, శుద్ధి చేసిన నీటిలోనే మైక్రోసిస్టిన్ పరిమితి దాటినట్టు పరీక్షల్లో తేలింది. నీరు తాగవద్దనీ, మరిగించవద్దనీ అధికారులు ప్రజలకు చెప్పారు. నాలుగు లక్షల మందికి పైగా జనం మూడు రోజుల పాటు కుళాయి నీరు తాగలేకపోయారు. మరిగించవద్దన్న మాట విని చాలామంది ఆశ్చర్యపోయి ఉంటారు. నీటికి జబ్బు చేసిందంటే మరిగించడమే మందు అని తరతరాలుగా నేర్చుకున్నవాళ్లం మనమంతా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం జీవితాంతం తాగే నీటిలో మైక్రోసిస్టిన్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదు. కొద్ది రోజుల పాటైతే 12 మైక్రోగ్రాముల వరకు పెద్దవారికి అనుమతించింది. 1 మైక్రోగ్రాము దాటిన రోజుల్లో పసిపిల్లల పాలపొడి కలపడానికి వేరే నీరు వాడడమే మంచిది. బరువుతో పోల్చి చూస్తే పసివాళ్లు పెద్దలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీరు తాగుతారు. శుద్ధి కేంద్రంలో చేయవలసిన పని వేరే ఉంది. ముందు నాచు కణాలను పగలకుండా చెక్కుచెదరకుండా తొలగించాలి, మిగిలిన విషాన్ని యాక్టివేటెడ్ కార్బన్‌తో పీల్పించాలి, లేదా ఓజోన్‌తో గానీ తగిన మోతాదు క్లోరిన్‌తో తగినంతసేపు ఉంచి గానీ విరగ్గొట్టాలి. కాబట్టి మీరు నీరు సరఫరా చేసేవారిని అడగవలసింది ఒకటే: శుద్ధి అయిన నీటిలో మైక్రోసిస్టిన్ పరీక్ష చేస్తున్నారా, ఫలితం ఎంత? ఆ జవాబు వచ్చేదాకా తాగడానికీ వంటకూ వేరే చోటి నీరు వాడండి.

ప్రశ్న: మా కాలనీ నీటి గుంటలో మైలుతుత్తం చల్లించాం. మూడు రోజుల్లో నాచంతా చచ్చి నీరు తేటపడింది. ఇప్పుడు వాడుకోవచ్చా?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: వెంటనే వాడకండి. మైక్రోసిస్టిన్‌లో అత్యధిక భాగం జీవించి ఉన్న నాచు కణాల లోపలే ఉంటుంది. కణాన్ని చంపగానే అది ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది. అంటే మీ నీరు పచ్చగా ఉన్న రోజుకంటే తేటపడిన రోజునే కరిగిన విషం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నీటిలోని ఇతర బాక్టీరియా దాన్ని క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. కానీ అందుకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది, అదీ నీటిని బట్టి మారుతుంది. పరీక్ష ఒక్కటే దారి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి చెందిన పామ్ ఐలండ్‌లో 1979లో జరిగింది మీరు తెలుసుకోవాలి. తాగునీటి జలాశయంలో పెరిగిన నాచును చంపడానికి మైలుతుత్తం వేశారు. కొద్ది రోజుల్లోనే 148 మంది జబ్బుపడ్డారు. వారిలో 138 మంది పిల్లలు. వాంతులు, కాలేయం వాపు, ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతినడం, కొందరికి రక్త విరేచనాలు. చాలామందికి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఎవరూ చనిపోలేదు. అంతుబట్టని జబ్బుగా మొదట దాన్ని చెప్పుకున్నారు. దానికి కారణమైన సిలిండ్రోస్పెర్మోప్సిన్ అనే విషాన్ని శాస్త్రవేత్తలు 1992లో గుర్తించారు. ఇది మైక్రోసిస్టిన్‌కు బంధువు కాదు. ఫాస్ఫటేజుల జోలికి పోకుండా, కణంలో కొత్త ప్రోటీన్ల తయారీనే ఆపేస్తుంది. అందుకే దీని ప్రభావం గంటల్లో బయటపడదు, రోజుల మీద ముదురుతుంది. కాలేయంతోపాటు మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. పైగా దీనిలో గణనీయమైన భాగం నాచు బతికి ఉండగానే నీటిలోకి వస్తుంది, దాన్ని తయారుచేసే జీవి చాలాసార్లు నీటి మీద తెట్టు కట్టదు కూడా. నీరు తేటగా ఉంది కాబట్టి మంచిదే అనే నమ్మకం ఇక్కడ అసలు పనికిరాదు.

నాచును చంపడంకంటే పెరగకుండా చూసుకోవడం మేలు. ఆ గుంటలోకి మురుగు, ఎరువుల నీరు చేరుతున్నాయేమో చూడండి. భాస్వరం, నత్రజని అందుతున్నంత కాలం మీరు ఎన్నిసార్లు మందు చల్లినా అది మళ్లీ పుడుతుంది.

ప్రశ్న: దీనివల్ల మనుషులు నిజంగా చనిపోయారా? లేక పశువులకే ప్రమాదమా?
– ఒక విద్యార్థి

జవాబు: పశువుల సంగతి చాలాకాలం నుంచీ తెలుసు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీరు తాగి పశువులు చనిపోయిన వైనం 1878లోనే నేచర్ పత్రికలో వచ్చింది. అది నోడ్యులేరియా పని. మనుషుల విషయంలో, ఇంకే అనుమానానికీ తావులేకుండా రుజువైన విషాదం 1996 ఫిబ్రవరిలో బ్రెజిల్‌లోని కరుఆరు పట్టణంలో జరిగింది.

మూత్రపిండాలు పనిచేయనివారికి డయాలిసిస్ చేసే ఒక కేంద్రం అది. వానలు లేక ఆ కేంద్రానికి ట్యాంకర్లలో నీరు తెచ్చేవారు. ఆ నీటికి పూర్తి శుద్ధి జరగలేదు, కేంద్రంలోని వడపోత కూడా విషాన్ని ఆపగల స్థితిలో లేదు. డయాలిసిస్‌లో రోగి రక్తానికీ నీటికీ మధ్య పలుచని పొర ఒక్కటే ఉంటుంది. ఒక్క దఫాకే సుమారు 120 లీటర్ల నీరు ఆ పొర పక్కగా ప్రవహిస్తుంది. ఇంతకుముందు నేను చెప్పిన పేగు గోడ ఇక్కడ లేదు. చికిత్స పొందిన 131 మందిలో 116 మందికి చూపు మసకబారడం, వికారం, వాంతులు వచ్చాయి. వందమందికి కాలేయం విఫలమైంది. ఆ తర్వాతి నెలల్లో 76 మంది చనిపోయారు. వారిలో 52 మరణాలను నేరుగా ఈ విషప్రభావానికే ఆపాదించారు. రోగుల రక్తంలోనూ, చనిపోయినవారి కాలేయంలోనూ మైక్రోసిస్టిన్ దొరికింది. వాళ్లు నీరు తాగలేదు, ఈదలేదు. బతకడానికి వారానికి కొన్నిసార్లు వెళ్లక తప్పని చోటికి నమ్మి వెళ్లారు. డయాలిసిస్ కేంద్రం నడిపేవారెవరైనా ఈ పేజీ చదువుతుంటే, తమ కార్బన్ వడపోతను ఎప్పుడు మార్చారో ఈ రోజే చూసుకోవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి పచ్చటి తెట్టు ఉన్న నీటిలో ఈదాడు, కొంత మింగాడు కూడా. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. మా కుక్క కూడా అతనితో దిగింది. ఏ పరీక్షలు చేయించాలి? విరుగుడు ఉందా?
– ఒక తండ్రి

జవాబు: వెంటనే డాక్టరుకు చూపించండి; నాచు నీటిలో ఈదిన సంగతి మీరే ముందుగా చెప్పండి, ఎందుకంటే అడగకపోతే ఎవరికీ ఆ ఆలోచన రాకపోవచ్చు. కాలేయ ఎంజైములైన ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, కామెర్లను తెలిపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. మొదటి పరీక్ష మామూలుగా ఉన్నా కొద్ది రోజుల తర్వాత మళ్లీ చేయించండి. 2007లో అర్జెంటీనాలో ఒక యువకుడు తెట్టుకట్టిన జలాశయంలో చాలాసేపు ఉండిపోయాడు. ముందు వికారం, జ్వరం వచ్చాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, కాలేయ ఎంజైములు పెరిగిన సంగతి వారం తర్వాత తేలింది. చివరికి పూర్తిగా కోలుకున్నాడు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఆసుపత్రిలో చేర్చవలసిందే.

మనుషులకు ఇవ్వదగిన విరుగుడు ఇంతవరకూ లేదు. రిఫాంపిసిన్ ఎలుకలను కాపాడింది విషానికి ముందే ఇచ్చినప్పుడు, కాబట్టి దాన్ని సొంతంగా కొని వేయకండి. ద్రవాలు ఎక్కించడం, గ్లూకోజు చూసుకోవడం, రక్తస్రావాన్ని అదుపు చేయడం వంటి ఆసరా చికిత్సే మనకున్నది. నొప్పికి పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి. అది కూడా గ్లూటాథయోన్‌నే ఖర్చు చేస్తుంది.

కుక్కను ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి. బొచ్చుకు పట్టిన తెట్టును అది నాకి శుభ్రం చేసుకుంటుంది, కనుక మీ అబ్బాయికంటే అది మింగినదే ఎక్కువ కావచ్చు. మంచి నీటితో వెంటనే బాగా కడిగి, పశువైద్యుడికి చూపించండి. విషం పిత్తరసంతో పేగులోకి వచ్చి తిరిగి కాలేయానికి చేరకుండా ఆపడానికి పేగులో పిత్తాన్ని పట్టి ఉంచే కొలెస్టిరామిన్ అనే మందు వాడి ఒక కుక్కను బతికించిన ఉదాహరణ పశువైద్యంలో ఉంది.

ప్రశ్న: కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఈ విషం ఒంట్లోకి వెళితే కాలేయ క్యాన్సర్ వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్‌ను 2బి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ఫాస్ఫటేజులు ఆగిపోతే కణ విభజనకు కళ్లెం వదులవుతుంది కనుక, అప్పటికే దారి తప్పిన కణాలు పెరగడానికి ఇది ఊతమిస్తుందని జంతువుల్లో తేలింది. చైనాలోని హైమెన్, ఫుసుయ్ ప్రాంతాల్లో చెరువులూ కాలువల నీరు తాగేవారిలో కాలేయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. కానీ అదే జనాభాలో హెపటైటిస్-బి, బూజు పట్టిన ధాన్యంలోని అఫ్లాటాక్సిన్ కూడా ఎక్కువే. అందువల్ల ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. హెపటైటిస్-బి ఉన్నవారు మాత్రం అనుమానం ఉన్న నీటికి దూరంగా ఉండటం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఆరోగ్యానికి మంచిదని స్పిరులినా మాత్రలు వాడుతున్నాను. అది కూడా నీలి ఆకుపచ్చ శైవలమే కదా? ఈ మధ్య పరీక్షలో ఏఎల్‌టీ కొంచెం ఎక్కువగా వచ్చింది.
– ఒక ఉద్యోగిని

జవాబు: స్పిరులినాగా అమ్మే ఆర్థ్రోస్పైరా మైక్రోసిస్టిన్ తయారుచేయదు. దాన్ని పెంచే నీటిలో వేరే జాతులు కలిస్తేనే చిక్కు వస్తుంది. సరస్సుల నుంచి నేరుగా సేకరించే అఫానిజోమెనాన్ అనే మరో నీలి ఆకుపచ్చ శైవలం ఉత్పత్తులతో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అదే నీటిలో మైక్రోసిస్టిస్ కూడా పెరుగుతుంది. అమెరికాలోని క్లామత్ సరస్సు నుంచి తీసే ఉత్పత్తుల కారణంగా ఒరెగాన్ రాష్ట్రం 1997లోనే గ్రాముకు 1 మైక్రోగ్రాము అనే పరిమితి పెట్టింది.

మీరు ముందుగా మాత్రలు ఆపేయండి, నాలుగు వారాల తర్వాత ఏఎల్‌టీ మళ్లీ చేయించండి. ఈలోగా హెపటైటిస్-బి, సి పరీక్షలు, కాలేయంలో కొవ్వు కోసం అల్ట్రాసౌండ్ కూడా చేయించుకోండి, ఎందుకంటే ఏఎల్‌టీ పెరగడానికి ఈ కారణాలే చాలా సాధారణం. మాత్రల డబ్బా పారేయకండి. దాని మీద ఉన్న బ్యాచ్ నంబరు చెప్పి, ఆ బ్యాచ్‌కు మైక్రోసిస్టిన్ పరీక్ష నివేదిక ఇవ్వమని తయారీదారుకు రాయండి. నివేదిక ఇవ్వలేకపోతే ఏఎల్‌టీ తగ్గిన తర్వాత కూడా ఆ మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి.